ముసురులో పన్నెండు గోచీలు

గుడ్డ డైపరు కనిపెట్టినవాళ్లు ఎవరోగాని, వాళ్లింట్లో ఉతికే మనిషి వేరే ఉండి ఉంటుంది. లేకపోతే ఆ అట్టపెట్టె మీద అంత నవ్వుమొహం తల్లి బొమ్మ వేసేవారు కాదు. ఆ తల్లి తెల్ల చొక్కా వేసుకుని, జుట్టు విరబోసుకుని, పిల్లని గాల్లోకి ఎగరేస్తూ ఉంటుంది. నేను తల దువ్వుకుని రెండు రోజులైంది. నా నైటీ మోకాళ్ల దగ్గర ఎప్పుడూ తడే.

పాపకి ఆరో నెల. పేరు రామతులసి, మా అత్తగారి అత్తగారి పేరు. అయిదో నెల వచ్చేదాకా జంగారెడ్డిగూడెంలో మా పుట్టింట్లోనే ఉన్నాం. అక్కడ పాత గుడ్డలే కట్టేవాళ్లం, మా అమ్మ ఉతికేది. బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి, పామాయిల్ తోట పక్కన తీగె మీద ఆరేస్తే గంటలో పెళపెళలాడేవి. భీమవరం పక్కన మా అత్తవారి ఊరు వచ్చాక తెలిసింది ఉతకడమంటే ఏంటో. చుట్టూ రొయ్యల చెరువులు. బోరు వేస్తే ఉప్పునీళ్లు. పంచాయతీ కుళాయి పొద్దున ఆరింటికి వచ్చి ఏడింటికి పోతుంది. ఆ గంటలోనే ఉతుక్కోవాలి, పెరట్లో నీలం డ్రమ్ములు రెండూ నింపుకోవాలి.

కొనే డైపర్లు వాడొచ్చుగా అని మా చెల్లెలు ఫోన్లో రోజూ అడుగుతుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో అవే వాడాం. వారానికే పాప తొడల దగ్గర కొంచెం ఎర్రబడింది. అదొక కారణం. అసలు కారణం మా మావగారు త్రినాథరాజు గారు. ఆయన ముప్పయ్యేళ్లుగా రొయ్యలు సాగు చేస్తున్నారు. ఒకరోజు చెరువుకి నీళ్లు తోడే మోటారు ఆగిపోయింది. కాలువలో దిగి జాలీ తీసి చూస్తే, ఎవరో పారేసిన డైపరు నీళ్లు తాగి తలగడంత ఉబ్బి గొట్టానికి అడ్డం పడి ఉంది. దాన్ని కర్రకి తగిలించుకుని ఇంటిదాకా తెచ్చారాయన. వాకిట్లో నిలబడి, "ఇది మనింటిది కాదని నాకు తెలుసు. మనింటిది ఎక్కడికి పోతుందో ఎవరైనా చెప్పండి" అన్నారు. మా వీధిలోకి చెత్తబండి వచ్చిన రోజు నాకు గుర్తులేదు. ఆ సాయంత్రమే మావారు సందీప్ ఫోన్లో ఆర్డరు పెట్టారు. పన్నెండు గుడ్డ డైపర్లు, ఏనుగుల బొమ్మలవి, టిచ్ బటన్లవి, లోపల దూర్చే మందపాటి మెత్తలతో సహా. మా అత్తగారు వాటిని తిప్పి తిప్పి చూసి, "గోచీలకి గుండీలు కుట్టారు, అంతేగా" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో వాటి పేరు గోచీలే.

వాటి సేవ ఇలా ఉంటుంది. విడిచినదాన్ని ముందు జాడించి, మోటారు గది పక్కన మూత ఉన్న బకెట్టులో నానేయాలి. మర్నాడు కుళాయి వచ్చినప్పుడు సబ్బుతో ఉతికి, నాలుగు నీళ్లలో జాడించాలి. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవాలు వెయ్యకూడదు, వేస్తే గుడ్డ తడి పీల్చదు. మెత్తల్ని విడిగా తీసి పిండాలి, కానీ మెలిపెట్టి పిండకూడదు. ఎండలో ఆరేయాలి. పెట్టెలో వచ్చిన కాగితంలో ఇలాంటి సూచనలు పదకొండు ఉన్నాయి. పన్నెండోది నేను చేర్చుకున్నాను: ముసురు పట్టనివ్వకూడదు.

ముసురు పట్టింది. వాయుగుండం అన్నారు, అది పోయిందన్నారు, ఇంకోటి అన్నారు. వాన గట్టిగా కురిసి పోదు, అలాగని వెలవదు. మెత్తలు రెండు రోజులకి కూడా ఆరవు. ఫ్యాను కింద కుర్చీల మీద, కిటికీ ఊచల మీద, మా పెళ్లి ఫొటో ఫ్రేము మీద కూడా గోచీలే. కరెంటు ఉన్నప్పుడు ఇస్త్రీపెట్టె పెట్టి రుద్దేదాన్ని. పాప గంటకోసారి తడుపుతుంది. పన్నెండులో ఆరు బకెట్లో, అయిదు ఆరుతూ, ఒకటి ఒంటి మీద. దాని పని కూడా అయిపోతే మా అత్తగారి పాత చీర ముక్కలు.

అంట్లు తోమే లక్ష్మిని అడిగాను, జీతం కాకుండా ఇంకేమైనా ఇస్తాను, ఉతికిపెట్టమని. "మీ ఇంట్లో ఏ పనైనా చేస్తానండి అమ్మగారూ, ఉచ్చగుడ్డలు మాత్రం నన్నడక్కండి. మా పిల్లలవి ఉతికి ఉతికి నాకు ఇరక్తి పుట్టేసిందండి" అంది. ఆ మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. నాకూ అదే పుట్టింది కానీ చెప్పుకోవడానికి లేదు.

అసలు బాధ ఉతకడం కాదు. ఇంత చేసినా పాపకి ఎర్రదనం తగ్గలేదు, పెరిగింది. ముందు తొడల మడతల్లో గీతలా ఉండేది. పది రోజుల్లో పిరుదుల మీదకి పాకి, చర్మం పొట్టులా లేచిపోయింది. తుడిస్తే కెవ్వుమనేది. రోజుకి పదిసార్లు నా చేత్తో నేనే నా బిడ్డని ఏడిపించాలి.

మా అత్తగారు సూర్యావతి గారు చెడ్డ మనిషి కాదు. శుభ్రం మనిషి. కాఫీ గ్లాసు ఆవిడకి ఇచ్చేముందు నేను రెండుసార్లు చూసుకుంటాను. పాప ఒళ్లు చూసినప్పుడల్లా ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ముగ్గురిని పెంచానమ్మా, పాత చీరలు చింపి కట్టాను, ఒక్క పొక్కు లేదు" అని, పాపని ఎత్తుకుని అటు తిరిగేవారు.

భీమవరంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరకి వెళ్లాం. ఆవిడ గోచీని వెలుతురులో పెట్టి చూసి, మెత్తని వేళ్ల మధ్య నలిపి, "గుడ్డలో ఏదో మిగిలిపోతోందమ్మా. సబ్బే అయ్యుంటుంది. సరిగ్గా జాడించట్లేదు" అన్నారు. పూతమందు రాసిచ్చారు. నాలుగుసార్లు జాడిస్తున్నానని చెప్పబోయాను. మా అత్తగారు నావైపు చూశారు, "విన్నావుగా" అన్నట్టు.

కారులో వస్తూ ఆవిడ తేల్చేశారు. "ఆదివారందాకా చూస్తానమ్మా మంజూ. తగ్గకపోతే ఉయ్యాల నా గదిలో కట్టిస్తాను. రాత్రీ పగలూ పాప నా దగ్గరే ఉంటుంది. పాలకి మాత్రం నీ దగ్గరకి తెస్తాను."

సందీప్ బండి నడుపుతూ అద్దంలోంచి నన్ను చూశారు. ఇంటికొచ్చాక, "అమ్మ చెప్పినట్టు చేస్తే పోయేదేముంది? నీకూ కాస్త రెస్టు దొరుకుద్ది కదా" అన్నారు. ఆయన రెండో పంటకి చెరువులు సిద్ధం చేస్తున్నారు. సగం రోజులు గట్టు మీద షెడ్డులోనే పడక. పాప నా దగ్గర్నుంచి పోవడమంటే ఏంటో ఆయనకి ఎలా తెలుస్తుంది? నన్ను పాలసీసాని చేసి పక్కన పెడుతున్నారని గట్టిగా అనాలనిపించింది. అనడానికి కూడా ఓపిక కావాలి.

ఆ వారం నాలుగు నీళ్లు ఆరు చేశాను. ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టేదాన్ని. మూడోదో నాలుగోదో మర్చిపోయి మళ్లీ మొదలు పెట్టేదాన్ని. చేతుల వేళ్ల సందులు పగిలి ఉప్పు తగిలితే మండేవి. తడిలో నానినందుకు జలుబు పట్టి ముక్కు పనిచెయ్యడం మానేసింది. శుక్రవారం కుళాయి ముందు పీట మీద కూర్చునే నిద్రపోయాను. లేచేసరికి డ్రమ్ము నిండి పొర్లి, పెరడంతా నీళ్లే. కుళాయి ఆగిపోయింది. అప్పుడు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది, నా మీదే. నేను నిజంగా జాడిస్తున్నానా, లేక జాడించాననుకుంటున్నానా? నిద్ర లేని మనిషి చెప్పేదాన్ని ఎవరైనా ఎందుకు నమ్మాలి? నేనే నమ్మలేకపోతున్నాను. అత్తగారు అన్నదే నిజమేమో, నా బిడ్డ ఒంటి మీద ఆ పచ్చిపుండు నా అజాగ్రత్తేనేమో అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నానికి జలుబు కొంచెం తగ్గింది. పాపకి పాలిచ్చి పడుకోబెడుతుంటే గోచీ తడిపింది. బటన్లు విప్పాను. వెచ్చగా, ఘాటుగా ఒక వాసన కొట్టింది. ఉచ్చ వాసన కాదు. ఆ వాసన నాకు బాగా తెలుసు. క్రిములు చావడానికి చెరువుకి బ్లీచింగ్ కొట్టిన రోజు సందీప్ షర్టు నుంచి వచ్చే వాసన.

ముందు నమ్మలేదు. ఈ కాలంలో మా ఇల్లంతా ఆ వాసనే. వరండాలో బస్తాలు, గుమ్మంలో బురదకాళ్ల చెప్పులు, మనుషుల ఒళ్లు. అందుకే ఎవరికీ పట్టలేదేమో. ఆరిన గోచీ ఒకటి తీసి చూశాను, ఏమీ లేదు. దాని మీద నాలుగు చుక్కలు గోరువెచ్చని నీళ్లు పోసి ముక్కుకి ఆనించాను. ఉంది. ఆరేసినవన్నీ అలాగే చూశాను. అన్నింటికీ ఉంది. ఏనుగుల రంగు వెలిసిపోతుంటే చవకరకం అనుకున్నాను, అది కాదు. నడుం దగ్గర ఎలాస్టిక్ సాగిపోతే నేను గట్టిగా పిండానేమో అనుకున్నాను, అదీ కాదు.

పాప నిద్రపోయింది. అత్తగారు ముందుగదిలో నడుం వాల్చారు. నేను పెరట్లోకి వెళ్లి మోటారు గది పక్కన అరుగు మీద, బకెట్టు కనబడేలా కూర్చున్నాను. ఎవరొస్తారో చూద్దామని. లక్ష్మి అయ్యుంటుందని నా అనుమానం, తను ముట్టుకోనన్న పాపానికి దూరం నుంచే ఏదో చల్లుతోందని. కాపలా కూర్చున్నాను కదా, రెండు నిమిషాల్లో గోడకి తల ఆనించి నిద్రపోయాను.

ప్లాస్టిక్ మూత చప్పుడికి కళ్లు తెరిచాను. బకెట్టు ముందు మా మావగారు గొంతుకూర్చుని ఉన్నారు. పంచె మోకాళ్లపైకి మడిచి, కళ్లజోడు ముక్కు మీదకి దించి, చెరువు మందులు తూచే చిన్న కాటా అరచేతిలో పెట్టుకుని, కాగితం మీద తెల్లపొడి పోస్తున్నారు. ఇంత అని చూసుకుని, కొంచెం తీసేసి, మళ్లీ కొంచెం వేశారు. బకెట్టులో పోసి కర్రతో నెమ్మదిగా తిప్పారు. ఆయన చెరువు దగ్గర ఎంత శ్రద్ధగా చేస్తారో అంతే శ్రద్ధగా.

"మావయ్యగారూ" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి లేవబోయి, లేవలేక, అలాగే ఉండిపోయారు. అరవై ఆరేళ్ల మనిషి, ఊళ్లో ఎవరి చెరువుకి తెగులొచ్చినా ముందు ఆయన్నే అడుగుతారు, పిల్లాడిలా దొరికిపోయారు.

"నీ చేతులు చూశానమ్మా" అన్నారు చివరికి. "అన్నం వడ్డిస్తుంటే చూశాను. రెండు వారాలైంది. ఉతికిపెడదామంటే మీ అత్తయ్య చూస్తే... మగాడిని, ఉచ్చగుడ్డలు ముట్టుకున్నానని ఊరంతా చెప్పుకుంటారు. ఈ బ్లీచింగ్ పొడైతే వేసి తిప్పి పోతాను, మరకా పోద్ది, క్రిమీ చచ్చిపోద్ది. నీకు సగం పని తగ్గుద్దనుకున్నాను."

"రోజూ వేస్తున్నారా అండి?"

"రోజూనే. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక. చెరువు డోసు చాలదని, గట్టు ఎక్కేముందు కాళ్లు ముంచే తొట్టికి వేస్తాం చూడు, ఆ డోసు వేశాను. మొన్న డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చాక ఇంకొంచెం పెంచానమ్మా. పాపకి తగ్గట్లేదు కదా, క్రిమి గట్టిగా ఉందేమోనని."

"ఇది మెత్తల్లో ఉండిపోతోంది మావయ్యగారూ. ఎన్ని నీళ్లు పోసినా పోవట్లేదు. పాప తడపగానే పొంగుతోంది. పాప ఒళ్లు దీనికే కాలిపోతోంది."

"ఉండదమ్మా. చెరువులో వేస్తే రెండు రోజుల ఎండకి మొత్తం ఎగిరిపోద్ది. ఆ తర్వాత రొయ్యపిల్ల వదిలినా..." అని ఆగిపోయారు.

ఇద్దరం ఒకేసారి పైకి చూశాం. పన్నెండు రోజులుగా ఎండ లేదు.

ఆయన మొహంలో ముందు అర్థమవ్వడం చూశాను, ఆ తర్వాత సిగ్గు చూశాను. అప్పుడు ఆయన చేసిన పని వింతగా ఉంది. బకెట్టులో చెయ్యి మోచేతిదాకా ముంచి, అలాగే ఉంచేశారు. "మండుతోంది" అన్నారు. "నా చేతికే మండుతోంది." తీయమని నేను రెండుసార్లు చెబితేగాని తీయలేదు.

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఈ ఇంట్లో నా చేతుల వైపు చూసిన మనిషి ఆయనొక్కరే. నా బిడ్డ ఒళ్లు కాల్చిన మనిషీ ఆయనే. రెండిట్లో ఏది పట్టుకోవాలో తెలియక, బకెట్టు బోర్లించి నీళ్లు పారబోశాను.

"మీ అత్తయ్యకి నేనే చెబుతానమ్మా" అన్నారాయన. "రేపు పొద్దున చెబుతాను. నువ్వేం అనకు."

సరేనన్నాను. ఆ రోజు పాపకి గోచీ కట్టలేదు. రబ్బరు షీటు మీద పాత చీర ముక్క పరిచి వదిలేశాను. వరండాలో గ్యాసు పొయ్యి మీద కాగు పెట్టి, ఆ పన్నెండింటినీ నీళ్లలో మరగబెట్టి, పారబోసి, మళ్లీ మరగబెట్టాను. మూడోసారికి వాసన పోయింది.

ఆదివారం పొద్దున మావగారు పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నారు. అత్తగారు కాఫీ ఇచ్చారు. ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. ఇడ్లీ తిన్నారు. ఇప్పుడు అనుకున్నాను. అంతలో పక్కూరి నుంచి బంగార్రాజు గారు వచ్చారు. చెరువు నాలుగెకరాలు, లోతు ఇంత, బ్లీచింగ్ ఎంత పడుతుంది రాజుగారూ అని అడిగారు. మావగారు చెప్పలేదు. "ఈసారి ఇంకెవర్నైనా అడగండి, నాకు ఒంట్లో బాగాలేదు" అన్నారు. బంగార్రాజు గారు వింతగా చూసి వెళ్లిపోయారు. పదకొండింటికి అత్తగారు పాప ఒళ్లు చూశారు. ఒక్క రోజులో తగ్గేది కాదు కదా, అలాగే ఉంది. సందీప్‌ని పిలిచి ఉయ్యాల విప్పించారు. ఆయన స్టూలు ఎక్కి కొక్కెం బిగిస్తుంటే నేను గుమ్మంలో నిలబడి మావగారి వైపు చూశాను. ఆయన పేపరు పైకెత్తుకున్నారు.

నేనెందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. మా చెల్లెలైతే ఫోన్లో అరిచింది. నోరు తెరిచే ఓపిక లేదన్నది ఒక నిజం. చెబితే ఎలా ఉంటుందో తెలియడం ఇంకో నిజం. ముప్పయ్యేళ్లు మందులు తూచిన పెద్దాయన తప్పు చేశాడని, జాడించడం రాని కోడలు చెబుతోంది. ఆయన ఔనంటే సరే. ఆ పేపరు వెనకే ఉండిపోతే? మూడో నిజం చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ రాత్రి పాప ఏడ్చినప్పుడు లేచింది అత్తగారు. నేను పాలిచ్చి మళ్లీ వెళ్లి పడుకున్నాను. నిద్ర పట్టింది. పిల్ల పక్కన లేకుండా నిద్రపట్టినందుకు పొద్దున లేచి ఏడ్చాను.

పాప వెళ్లింది కానీ గోచీలు నా దగ్గరే ఉన్నాయి. నేనే ఉతికాను, అదే కుళాయి, అదే సబ్బు. తేడా ఒక్కటే, అత్తగారు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని లెక్కపెట్టారు. "మూడు. ఊఁ, నాలుగు. ఇంకోటి జాడించమ్మా." బకెట్టు దగ్గరకి మావగారు రాలేదు. మంగళవారం నాటికి ఎర్రదనం లేతబడింది. గురువారానికి కొత్త చర్మం వచ్చేసింది, నున్నగా. నా బిడ్డకి నయమైంది, అంతకన్నా ఏం కావాలి? ఏమీ అక్కర్లేదనే అనుకున్నాను, గురువారం మధ్యాహ్నం భోజనాల దాకా.

అత్తగారి చెల్లెలు సత్యవాణి గారు పిఠాపురంలో గుడికి వెళ్లి, దారిలో మా ఇంటికి వచ్చారు. ప్రసాదం ఇచ్చి, పాపని ఎత్తుకుని ముద్దుచేశారు. మావగారు, సందీప్, ఆవిడ బల్ల దగ్గర కూర్చున్నారు. అత్తగారు పాపని ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

"నాలుగు రోజులు, లెక్కపెట్టుకో" అంటున్నారు అత్తగారు. "నా చేతికి వచ్చిన నాలుగు రోజులకి తగ్గింది. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, ఉతికేవాళ్లకి శ్రద్ధ లేదని. పిల్లది చదువుకుంది, మంచిదే, కాదనను. కానీ తల్లికి ఒళ్లొంగకపోతే బిడ్డకే కదా శిక్ష."

సత్యవాణి గారు నావైపు జాలిగా చూసి, "ఇప్పటి పిల్లలు అంతేలే అక్కా" అన్నారు. సందీప్ పప్పు కలుపుకుంటున్నారు. మావగారు ముద్ద చేత్తో పట్టుకుని కంచంలోకి చూస్తున్నారు.

నా చేతిలో పులుసు గిన్నె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. పెట్టాననే అనుకున్నాను, చప్పుడుకి అందరూ తలెత్తారు.

"మావయ్యగారూ, మీరు చెబుతారా? నన్ను చెప్పమంటారా?"

అంతకన్నా ఒక్క మాట కూడా నా దగ్గర లేదు. సందీప్ "ఏంటి మంజూ?" అన్నారు. నేను ఆయన వైపు చూడలేదు.

మావగారు ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడిగేసుకున్నారు. అన్నం సగం అలాగే ఉంది. "సూర్యా, పాప ఒళ్లు కాల్చింది మంజు కాదు, నేను" అన్నారు. ఆ తర్వాత వరసగా చెప్పుకుపోయారు, కాటా, డోసు, పెంచిన డోసు, లేని ఎండ. చివర, "శనివారమే తెలిసింది. ఆదివారం చెబుతానని ఈ పిల్లకి మాటిచ్చాను. బంగార్రాజు వచ్చేసరికి నోరు రాలేదు. మొన్న నువ్వు ఉయ్యాల కట్టిస్తుంటే పేపరు అడ్డం పెట్టుకున్నాను. అంత పిరికిపని నా బతుకులో చెయ్యలేదు" అన్నారు.

పాప అత్తగారి గాజులు లాగుతోంది. సత్యవాణి గారు మంచినీళ్ల గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. అత్తగారు మొగుడి మీద అరుస్తారనుకున్నాను. ఆవిడ నావైపే చూశారు.

"నీకు శనివారం నుంచి తెలుసు."

"తెలుసండి."

"నేను కుర్చీ వేసుకుని లెక్కపెడుతుంటే, తెలిసే ఉతికావు. ఇంత మాట పడ్డావు. నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నమ్మేవారా అత్తయ్యగారూ?"

ఎందుకు నమ్మను అంటారనుకున్నాను. ఎవరైనా అదే అంటారు. ఆవిడ మాత్రం నిజంగా ఆలోచించారు. నుదురు ముడిపడింది, పెదవులు కదిలాయి, ఒకసారి మొగుడి వైపు చూశారు, మళ్లీ నావైపు.

"లేదమ్మా" అన్నారు. "నమ్మేదాన్ని కాదు."

లేచి వచ్చి, పాపని నా చేతుల్లో పెట్టారు. "సందీప్, ఆ ఉయ్యాల విప్పి మీ గదిలో కట్టు" అన్నారు. సందీప్ ఎంగిలి చేత్తోనే లేచారు. నేను పాపని గుండెకి హత్తుకుని, అంతమంది ముందూ, సత్యవాణి గారి ముందు కూడా, గొంతెత్తి ఏడ్చాను.